మూసుకుపోయిన కీళ్ళు

మార్కాపురం పలకల గనిలో రాజరత్నం రాతిని పొరలు పొరలుగా చీల్చేవాడు. ఇరవై మూడో ఏట అతనికి నడుం నొప్పి మొదలైంది. పడుకుంటే పెరిగేది, పని చేస్తుంటే తగ్గేది. తెల్లవారి లేవబోతే నడుం కొయ్యబారి ఉండేది. గోడ పట్టుకుని నిలబడి, ఇంట్లోనే కాసేపు అటూ ఇటూ తిరిగితే గాని ఒళ్ళు వంగేది కాదు. అందువల్ల గనికి రోజూ ఆలస్యమే. మధ్యాహ్నానికి మాత్రం అందరితో సమానంగా రాయి ఎత్తేవాడు.

అదే అతనికి చేటయింది. మేస్త్రీ చెంచయ్య అతని నొప్పికి ‘పొద్దుటి రోగం’ అని పేరు పెట్టాడు. గనిలో అందరూ ఆ మాట పట్టుకున్నారు. భార్య ఏసమ్మ మొదటి ఏడాది ఆముదం రాసి కాపడం పెట్టింది. రెండో ఏడు నీళ్ళూ కట్టెలూ తానొక్కతే మోసుకుంది. ఒకరోజు సంగటి తీసుకుని గనికి వచ్చేసరికి రాజరత్నం పెద్ద బండను భుజానికెత్తుకుని ఎవరితోనో నవ్వుతూ కనిపించాడు. ఆమె గిన్నె అక్కడ పెట్టి వెళ్ళిపోయింది. పది రోజులకు ఆమె నాయన కోటయ్య అర్ధవీడు నుంచి వచ్చి, సోమరికి బిడ్డనిచ్చి తప్పు చేశానని వీధిలో నలుగురూ వినేలా అని, ఏసమ్మను తీసుకుపోయాడు.

తరువాత మూడేళ్ళు రాజరత్నం ఒక్కడే వండుకున్నాడు. నొప్పి గురించి ఎవరికీ చెప్పడం మానేశాడు. చెప్పకపోతే మాట్లాడడానికి ఇంకేమీ మిగలలేదు. ఆదివారం చర్చిలో కూడా వెనక గోడకు ఆనుకుని నిలబడి, పాట అయిపోగానే వచ్చేసేవాడు.

1939 ఎండాకాలంలో, అది గమనించిన పాస్టరుగారు చీటీ రాసిచ్చి అతన్ని రైలెక్కించారు. గుంటూరు దారిలో ఉన్న ఒక మిషను ఆసుపత్రికి ఆ ఏడే ఎక్స్‌రే యంత్రం వచ్చింది. డాక్టరమ్మ అతని తుంటిని రెండు పక్కలా అదిమి చూసి చీకటి గదికి పంపింది. యంత్రం నడిపే వలి బాషా అతన్ని చల్లటి బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఊపిరి బిగబట్టమన్నాడు. గట్టి చెక్క మీద ఆ కాసేపు పడుకోవడానికే రాజరత్నం కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మరునాడు వలి బాషా అతన్ని కిటికీ దగ్గరికి పిలిచి రెండు ఫిల్ములు వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు.

“ఇది ఇంకొకాయనది. వెన్నెముక వచ్చి తుంటి ఎముకతో కలిసే చోటు చూడు. ఈ పక్కొకటి, ఆ పక్కొకటి, నల్లగా సన్నగీత ఉంది గదా? అదే కీలు సందు. ఇప్పుడు నీది చూడు.”

రాజరత్నం చాలాసేపు చూశాడు. అతని ఫిల్ములో గీత లేదు. రెండు వైపులా ఎముకలు తెల్లగా ఒకదాంట్లోకి ఒకటి కలిసిపోయి ఉన్నాయి.

“అయితే నేను నాటకం ఆడలేదన్నట్టే గదన్నా?”

వలి బాషా ఫిల్ములు దించాడు. “నాటకమేంది తమ్ముడూ. ఈ నడుంతో రాళ్ళు మోసినావా నువ్వు?”

ఆ మాటకు రాజరత్నం కిటికీ చువ్వ పట్టుకుని ఏడ్చాడు. దీనికి మందు లేదని, బిగుసుకోవడం మెల్లగా వెన్నులో పైకి పాకుతుందని, చెక్క బల్ల మీద నిటారుగా పడుకోవాలని, కూర్చునే పని మాని వీలైనంత నడవాలని డాక్టరమ్మ చెప్పింది. అవన్నీ అతను సగమే విన్నాడు. ఫిల్ము ఇవ్వడం కుదరదన్నారు. వలి బాషా జబ్బు వివరమంతా తెలుగులో ఒక కాగితం మీద రాసిచ్చాడు.

రాజరత్నం ఇంటికి పోలేదు. కంభంలో రైలు దిగి నేరుగా అర్ధవీడుకు నడిచాడు. కోటయ్య కాగితాన్ని కూతురి చేతికిచ్చి చదవమన్నాడు. ఏసమ్మ మిషను బడిలో చదువుకున్నది. గట్టిగా మొదలుపెట్టి, ‘ఇది నయమయ్యేది కాదు’ అన్న చోట ఆగిపోయింది. మిగతాది కళ్ళతోనే చదువుకుంది.

కోటయ్య అల్లుడి ముందు తలదించుకున్నాడు. సోమరి అన్నందుకు తప్పయిందని ఒప్పుకున్నాడు. ఆ వెంటనే, నయం కాని రోగమని తెలిశాక పిల్లను ఎట్ల పంపేదని అడిగాడు. రాజరత్నం నిజం రుజువైతే చాలుననుకున్నాడు గాని, ఆ రుజువులోనే ఇది కూడా ఉంటుందని అతనికి తోచలేదు.

ఏసమ్మ ఊరి చివరిదాకా అతని వెంట వచ్చింది.

“నువ్వు చెప్పినావు. నేనే నమ్మలేదు,” అంది.

“ఇప్పుడు నమ్మినావు గదా. వస్తావా?”

ఆమె నాయన ఇంటివైపు చూసింది. కాగితాన్ని మడిచి కొంగులో ముడేసుకుని వెనక్కి తిరిగింది. ఆమె కనిపించినంతసేపూ అతను అక్కడే నిలబడ్డాడు.

గని పని మానేశాడు. పాస్టరుగారి మాట సాయంతో గిద్దలూరు నుంచి కొమరోలుకు టపా సంచి మోసే పని దొరికింది. రోజూ నడకే. నడిచినంతసేపూ నొప్పి మందగించేది. గిద్దలూరులో అద్దె గదిలో తలుపు చెక్క ఒకటి పరుచుకుని దాని మీదే పడుకునేవాడు. రెండు మూడేళ్ళకు వీపు, ఆపైన మెడ బిగుసుకుపోయాయి. ఎవరైనా పక్కనుంచి పిలిస్తే మనిషంతా తిరిగేవాడు. కొత్తవాళ్ళు అది పొగరనుకునేవారు. అతను సర్దిచెప్పేవాడు కాదు.

దారిలో చెంచమ్మ అనే ముసలామె మేకలు కాసుకునేది. ఒకరోజు అతనికి గ్లాసుతో మజ్జిగ ఇచ్చి, ఇట్ల బిర్రబిగుసుకుని నడుస్తావేంది నాయనా అని అడిగింది. ఇన్నేళ్ళలో అలా అడిగింది ఆమె ఒక్కతే. రాజరత్నం చెప్పడం మొదలుపెట్టాడు. గని, ఏసమ్మ, చీకటి గది, ఫిల్ములో లేని గీత, అన్నీ చెప్పాడు. మధ్యలో ఆమె రాతి మీద కూర్చోమంది. కూర్చుంటే లేవడం కష్టమమ్మా అన్నాడు.

చెంచమ్మ తాను కూర్చున్న చోటు నుంచి కర్ర ఊతంతో లేచి, అతనికి ఎదురుగా నిలబడింది. అతను చెప్పడం ముగించేదాకా అలాగే నిలబడి వింది.


తరువాత రాజరత్నం గ్లాసు కడిగి ఇచ్చి, సంచి భుజానికి తగిలించుకుని కొమరోలు దారి పట్టాడు.