అటు చివర వినబడింది

నీళ్ల సీసా మూత సరిగ్గా బిగించలేదని అతను అన్న మాట పక్కగదిలో ఉన్న అత్తగారికి వినబడలేదు. "చేతులున్నాయి, వేళ్లున్నాయి, ఒక మూత బిగించడానికి ఇంకేం కావాలి నీకు?" అన్నాడు ఆమె భుజం మీదుగా సంచిలోకి వంగి, ఏదో ముచ్చట చెబుతున్నంత మెత్తగా. దూరం నుంచి చూసేవాళ్లకి భార్యకి సాయం చేస్తున్నట్టే ఉంటుంది. ఆమె మూత విప్పి మళ్లీ బిగించింది. మొదటిసారే అది గట్టిగా బిగుసుకుని ఉంది.

పెళ్లయి పదకొండేళ్లు. ఒక్కరోజు కూడా అతను గొంతు పెంచలేదు. "నా కొడుకు నోట్లో నాలుక లేనివాడమ్మా, నీ అదృష్టం" అంటుంది అత్తగారు. "మీ నాన్నలా కేకలేసే మనిషి కాదు, ఇంకేం కావాలే నీకు?" అంటుంది కన్నతల్లి. తల్లితో చెప్పుకుందామని ఆమె ఒకట్రెండుసార్లు ప్రయత్నించింది. ఏమని చెబుతుంది? 'నీకు తెలీదులే అన్నారు.' 'నలుగురిలో నోరు తెరవకు అన్నారు.' 'మావాళ్లు నిన్ను చూసి జాలిపడి ఊరుకున్నారు అన్నారు.' విడివిడిగా చెబితే ఒక్కోటీ ఎంత చిన్నదో. తలస్నానం చేశాక చెవిలో ఉండిపోయిన నీటిచుక్కలా అవి రోజంతా లోపల కదులుతూ ఉంటాయని చెబితే తల్లి నవ్వేస్తుంది. కూతురు కూడా అప్పుడప్పుడూ అడుగుతుంది, నాన్న ఏమన్నారమ్మా అని. "ఏం లేదే, సంచి బరువుగా ఉందా అని అడుగుతున్నారు" అంటుంది. అలా అల్లి చెప్పడంలో ఆమెకి చెయ్యి తిరిగిపోయింది.

కూతురికి తొమ్మిదేళ్లు. ఒకచోట కుదురుగా నిలబడదని ఇంట్లో అందరూ ఉడత అంటారు. ఏ వస్తువునైనా చేత్తో ముట్టుకుని చూడనిచ్చే సైన్స్ మ్యూజియం ఉందని బళ్లో టీచర్ చెప్పినప్పటి నుంచి ఇంట్లో ఎవర్నీ నిలవనివ్వలేదు. చివరికి ఈ శనివారం కుదిరింది. అత్తగారు మోకాళ్ల నొప్పులని ఇంట్లోనే ఉండిపోయింది.

దారంతా ఆమె మనసు సోమవారం మీదే ఉంది. ఆస్పత్రి ల్యాబ్‌లో రక్త పరీక్షలు చేసే ఉద్యోగం ఆమెది. పన్నెండేళ్లుగా అదే బల్ల, అదే మైక్రోస్కోపు. పోయినవారం పెద్ద డాక్టరుగారు పిలిచి, ల్యాబ్ ఇన్‌చార్జ్‌గా ఉంటారా, సోమవారానికల్లా చెప్పండి అన్నారు. ఇంటికొచ్చి చెప్పేసరికి మొగుడు నవ్వాడు. మర్నాడు భోజనాల దగ్గర తల్లితో, "తనకే ఇష్టం లేదమ్మా, అంత బాధ్యత మోయలేనంటోంది" అన్నాడు. ఆమె కంచంలోకి చూస్తూ ఉండిపోయింది. కాదని అంటే ఆ పూట అందరి భోజనం చెడుతుంది.

మ్యూజియం హాలు పిల్లల కేరింతలతో దద్దరిల్లిపోతోంది. ఉడత చక్రాలు తిప్పింది, అయస్కాంతాలు లాగింది, గుండ్రంగా తిరిగే పీట మీద కూర్చుని చేతులు చాపింది, ముడిచింది. హాలుకి రెండు చివర్లా మనిషంత ఎత్తున్న రెండు పెద్ద పళ్లేలు గోడలకి నిలబెట్టి ఉన్నాయి. వాటి దగ్గర నీలం చొక్కా వేసుకున్న అమ్మాయి అన్నీ వివరిస్తోంది. "మేడమ్, మీరిక్కడ కూర్చోండి. పళ్లెం వైపు తిరిగి, ఈ ఇనప చట్రం దగ్గర గుసగుసగా మాట్లాడితే చాలు. అటు చివర పాపకి చెవిలో చెప్పినట్టు వినబడుతుంది. మామూలుగా మన మాట నాలుగువైపులా చెదిరిపోతుంది కదా, పళ్లెం దాన్ని పోగుచేసి పంపిస్తుంది" అంది. అతనప్పుడు ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతూ కిటికీ దగ్గర ఉన్నాడు.

ఉడత ఆ చివరికి పరిగెత్తింది. ఆమె చట్రం దగ్గర మొహం పెట్టి, "ఉడతా, వినబడుతోందా?" అంది.

"వినబడుతోందమ్మా! నువ్వు నా చెవిలోనే ఉన్నావు."

ఆ మాట కూతురి ఊపిరి వెచ్చదనంతో సహా వచ్చి తాకినట్టు అనిపించి, చాలా రోజుల తర్వాత ఆమె గట్టిగా నవ్వింది. నవ్వు పూర్తికాకముందే భుజం పక్కన మొగుడి మొహం వచ్చింది. ఆ పళ్లెం చాటున ఎవరికీ కనబడమని అనుకున్నాడేమో, చట్రం మీదకి వంగాడు.

"సోమవారం ఆ డాక్టర్‌తో ఏం చెబుతావో ఇప్పుడే తేలిపోవాలి."

"ఇప్పుడు కాదండీ. ఇక్కడ..."

"పదిమంది మీద అజమాయిషీ చేసే మొహమా నీది? రెండు నెలల్లో నవ్వులపాలవుతావు. పోనీ సరేనన్నావనుకో, ఉడతతో నేనే చెబుతాను, మీ అమ్మకి నీకన్నా ఉద్యోగమే ముద్దని. అది ఎవరి మాట నమ్ముతుందో నీకు తెలుసు."

చెప్పేసి, ఆమె భుజం తట్టి, మళ్లీ ఫోన్ చూసుకుంటూ వెళ్లిపోయాడు. పళ్లెంలోంచి మాటేమీ రాలేదు. ఒక చిన్న ఊపిరి మాత్రం వినబడింది, లోపలికి పీల్చి, వదలడం మర్చిపోయినట్టు.

తిరిగి చూసింది. అరవై అడుగుల అవతల కూతురి వీపు, రెండు జడలు. ఉడత కదలకుండా కూర్చుని ఉంది.

ఎంత విన్నదో అడగడానికి ధైర్యం చాలలేదు. పిల్ల వచ్చి చెయ్యి పట్టుకుంది, అంతే. ఆ తర్వాత అద్దాల గది చూశారు, గాలిలో తేలే బంతి చూశారు. ఉడత దేన్నీ ముట్టుకోలేదు. అతను మాత్రం హుషారుగా అన్నీ వివరిస్తూనే ఉన్నాడు, చుట్టుపక్కల పిల్లలు కూడా వినేలా.

క్యాంటీన్‌లో బన్నులు, టీ తీసుకుని కూర్చున్నారు. అతను కాలేజీలో పాఠాలు చెబుతాడు. ఎక్కడికెళ్లినా చివర్లో పిల్లని ప్రశ్నలడగడం అలవాటు.

"ఊఁ, చెప్పు. ఆ పెద్ద పళ్లేల దగ్గర ఏం నేర్చుకున్నావు?"

ఉడత బన్ను అంచు గిల్లుతోంది. "ఎంత మెల్లగా మాట్లాడినా అటు చివర వినబడుతుంది."

అతని కప్పు పెదాల దగ్గరే ఆగిపోయింది. భార్య వైపు ఒకసారి, హాలు వైపు ఒకసారి చూశాడు. కప్పు కింద పెట్టి, కూతురి వైపు వంగి, గొంతు తగ్గించి అడిగాడు.

"నీకేం వినబడింది?"

ఉడత ముందు అతని మొహం చూసింది. తర్వాత తల్లి మొహం చూసింది. ఆ చూపు ఆమెకి తెలుసు. ఏ మాట అంటే ఏమవుతుందోనని అవతలివాళ్ల కనుబొమలు చదివే చూపు. ఇంతవరకూ అద్దంలో తప్ప దాన్ని ఇంకెక్కడా చూడలేదు.

"ఏం లేదు నాన్నా" అంది ఉడత, నవ్వుతూ. "అంతా రొద. అమ్మ పాట పాడింది, అంతే."

పాట. ఎంత చక్కగా, ఎంత తడుముకోకుండా అల్లింది. అతను తేలిగ్గా ఊపిరి వదిలి, "గుడ్" అన్నాడు. ఆమెని మాత్రం అతను అన్న మాట కన్నా ఆ పాటే ఎక్కువ భయపెట్టింది. ఇన్నేళ్లూ ఇల్లు నిశ్శబ్దంగా ఉండాలని తను చేసిన పనంతా ఈ పిల్ల పక్కన కూర్చుని చూసింది.

"నేను పాట పాడలేదు" అంది ఆమె.

పక్క బల్లవాళ్లకి వినబడేంత మామూలు గొంతుతో అంది. "మీ నాన్న నన్ను, పదిమంది మీద అజమాయిషీ చేసే మొహమా నీది అన్నారు. నాకు నీకన్నా ఉద్యోగమే ముద్దని నీతో చెబుతానన్నారు. నువ్వు విన్నావు. నువ్వు విన్నది నిజమే."

"మెల్లగా" అన్నాడతను, పళ్ల మధ్య నుంచి. "జనం ఉన్నారు."

"ఉండనీండి. సోమవారం డాక్టరుగారికి సరేనని చెబుతున్నాను. ఇంటికెళ్లాక అత్తయ్యతో కూడా నేనే చెబుతాను. నాకు ఇష్టం లేదని మీరు చెప్పింది అబద్ధమని కూడా."

అతను చుట్టూ చూశాడు. పక్క బల్ల దగ్గర ఒక పెద్దావిడ టీ కలపడం ఆపి ఇటే చూస్తోంది. లేచి, కారు దగ్గర ఉంటానని వెళ్లిపోయాడు.

ఆమె తన బన్ను తుంచి సగం ఉడత ముందు పెట్టింది. ఉడత ఆ ముక్క చేతిలోకి తీసుకుంది.

"అమ్మా, నేను అబద్ధం చెప్పాను కదా."

"చెప్పావు. నా దగ్గరే నేర్చుకున్నావు" అంది ఆమె. "ఇద్దరం మానేద్దాం."