గోతికి అవతల

టీవీ వెనక మూతకి ఆఖరి స్క్రూ బిగించి పక్కకి తోసి, ఇంకో టీవీని ముందుకి లాక్కున్నాడు. కంపెనీలో అందరూ అతన్ని స్క్రూల బాబాయి అంటారు. రెండు స్క్రూలు పళ్ల మధ్య కరుచుకుని, ఎడమచేత్తో మూత నొక్కిపట్టి, కుడిచేత్తో తిప్పుతాడు. ఇన్నేళ్ల తిప్పుడుకి ఆ మణికట్టు కాస్త వంకరపోయింది.

వెనకనుంచి టింగు టింగుమంటూ ఆట మొదలయ్యే పాట మళ్లీ వినబడింది. బాబాయికి కడుపు మండింది.

ఆడుతున్నది పరాయివాడైతే ఇంత మంట ఉండేది కాదు. స్వయానా తోడల్లుడు. ఉద్యోగం ఇప్పించింది తనే. అప్పట్లో పాత వీడియో ఆటల పెట్టెలు గోదాములో మూలుగుతుండేవి. టీవీలేమో అమ్ముడుపోయేవి కావు. యజమాని ఒకదాని కడుపులో ఇంకోటి పెట్టించి, టీవీ కొంటే ఆట ఉచితమన్నాడు. జనం ఎగబడ్డారు. ప్రతి టీవీలో ఆట పనిచేస్తుందో లేదో చూడ్డానికి ఒక కుర్చీ పుట్టింది. నిలబడి నిలబడి కాళ్లు వాచిన తనకి కాకుండా, నిన్నగాక మొన్న చేరినవాడికి అది దక్కింది. దాని మీద మరదలు కుట్టిచ్చిన దిండు కూడానూ!

"మా చెల్లెలి మొగుడికి ఆడుకుంటే జీతం" అని భార్య అన్నప్పుడల్లా కంచం పక్కకి తోసేవాడు. కూతురి సంగతి చెప్పనే అక్కర్లేదు. సాయంత్రమైతే చాలు, చిన్నాన్న దగ్గరికి పరుగు. ఆటలో బొమ్మ మనిషి గొయ్యి దాటాక ఏమైంది? గాజుకోట, తుమ్మితే తెరుచుకునే తలుపులు, నిద్రలో నడిచే ఏనుగు... వాడు చెబుతుంటే పిల్ల నోరు తెరుచుకుని వినేది. తను పిలిస్తే "ఉండు నాన్నా" అనేది.

అందుకే పొద్దున సూపర్‌వైజర్ చెవిన వేశాడు. "నేను చెప్పానని అనకండి. మావాడు పని వదిలేసి ఆట చివరిదాకా ఆడేస్తున్నాడు. లేకపోతే ఆ కోటలూ ఏనుగులూ వాడికెలా తెలుస్తాయి?"

భోజనాలయ్యేసరికి తోడల్లుడు క్యారేజీ పట్టుకుని వచ్చి పక్కన నిలబడ్డాడు. ముఖంలో కోపం లేదు. అదీ నచ్చలేదు బాబాయికి.

"నన్నింక పనిలోకి రావద్దన్నారు అన్నయ్యా. పని మానేసి ఆడుతున్నానట."

"అయ్యో," అన్నాడు బాబాయి, స్క్రూ మీంచి చూపు తిప్పకుండా.

"ఆ కుర్చీ బయటివాళ్లకెందుకు, మా అన్నయ్యకివ్వండని చెప్పా. నీకు కాళ్లనొప్పులు కదా."

అంతే, వెళ్లిపోయాడు. గేటు దాటడం కిటికీలోంచి కనబడింది.

బాబాయి కుర్చీలో కూర్చున్నాడు. మెత్తగానే ఉంది. దర్జాగా కాలు మీద కాలేసుకున్నాడు కూడా. సూపర్‌వైజర్ వచ్చి పని చెప్పాడు.

"బొమ్మ నడవాలి, గోతి దగ్గర గెంతాలి. గెంతిందా, కట్టేసి ఇంకోటి తీసుకో."

"గొయ్యి దాటాక?"

"అది చూడబోయే కదా మీవాడు పోయాడు!"

ఆయన అటు తిరగ్గానే బాబాయి దొంగచాటుగా బొమ్మని ముందుకి నడిపాడు. ఇంకో గొయ్యి వచ్చింది. తర్వాత మళ్లీ మొదటి గొయ్యే. చవకరకం పాత ఆట, తిప్పి తిప్పి అదే దారి. కోటా లేదు, ఏనుగూ లేదు.

కుర్చీ దక్కితే మంట చల్లారుతుందనుకున్నాడు. ఇప్పుడింకా పెరిగింది. ఈ గోతిలోంచి వాడు ఏనుగునెలా లాగాడు? రాత్రి పిల్ల వచ్చి ఒళ్లో కూర్చుని, గొయ్యి దాటాక ఏముంది నాన్నా అంటే, తను ఏం చెప్పాలి?

బెల్లు మోగింది. ఆట రిమోటు బల్లమీద పెట్టబోతూ చూశాడు. నడిపే బటనూ గెంతే బటనూ తోడల్లుడి బొటనవేళ్ల కింద అరిగి నున్నబడ్డాయి. మిగతావన్నీ ఇంకా కొత్తగానే ఉన్నాయి.