పాత ఫైళ్ల గదిలో జూలై

హిల్లా కర్పినెన్ రోజూ ఏడున్నరకల్లా ఫ్యాక్టరీకి చేరుకునేది. బూట్లకంటిన మంచు గుమ్మం దగ్గర దులిపి, కోటు తగిలించి, కాఫీ పెట్టుకుని, ముందురోజు మిగిలిపోయిన ఫారాలు సర్దుకునేది. ఈసల్మి ఊళ్లో రై అనే ధాన్యంతో రొట్టెలు చేసే ఆ ఫ్యాక్టరీలో ఉద్యోగుల సౌకర్యాల విభాగమంటే ఇద్దరే మనుషులు. ముప్ఫై ఏళ్ల అనుభవమున్న రైయా గారు, మూడు వారాల అనుభవమున్న హిల్లా.

యూనివర్సిటీలో ఉద్యోగుల సంక్షేమం మీద నూటపన్నెండు పేజీలు రాసి పట్టా పుచ్చుకుంది హిల్లా. వాటి నిండా బాణం గుర్తులతో బొమ్మలు. ఉద్యోగంలో చేరాక ఆ బాణాలేవీ అక్కరకు రాలేదు. ఒకాయన కళ్లజోడు ఫారం పట్టుకొచ్చి, చూపు మందగించిన తన కుక్కకి కూడా ఇదే ఫారమా అని అడిగాడు. ప్యాకింగ్‌లో పనిచేసే ఆవిడ, కంపెనీ ఇచ్చిన సైకిలు ఎత్తయిపోయిందనీ, పొట్టిది ఇవ్వడం కుదరకపోతే ఎత్తు మడమల బూట్లయినా ఇప్పించాలనీ పట్టుబట్టింది. హిల్లా ఇద్దరికీ ఓపిగ్గా రూల్సు చదివి వినిపించింది. ఇద్దరూ వినలేదు.

ఫిబ్రవరి మొదటి సోమవారం రైయా గారు అల్లుతున్న మేజోడు పక్కనపెట్టి, "ఏమ్మా, పాత ఫైళ్ల గది సంగతి నీకు చెప్పానా?" అంది.

"లేదండీ."

"మార్చి ఆఖరుకల్లా ఖాళీ చేయాలి. నర్సు గది అక్కడికి మారుస్తారట. అందులో ఉన్నవి తైస్తో సెలవులు."

ఆ ఫ్యాక్టరీలో వాడుకోని సెలవులు పాత ఫైళ్ల గదిలో చేరేవి. చాలామందివి ఒకటో రెండో రోజులుండేవి. అవి ఏ మూలనో కాస్త గోరువెచ్చగా పడుండేవి. పొయ్యిల మెకానిక్ తైస్తో లూక్కొనెన్ మాత్రం ముప్ఫై ఒక్క ఏళ్లుగా వేసవి సెలవన్నది తీసుకోలేదు. దాంతో ఆ గదిలో ఎప్పుడూ జూలైయే. మూడో బీరువా దాటాక గచ్చు అయిపోయి గడ్డి మొదలయ్యేది. గడ్డి తర్వాత సరస్సు.

"ఆయన్ని ఒప్పించి వాడించాలి. లాగేసుకునే హక్కు మనకు లేదు" అంది రైయా గారు. "నీకు ముందు ముగ్గురొచ్చారు. ముగ్గురూ ఓసారి చూసొస్తామని లోపలికెళ్లి, బయటికొచ్చి రాజీనామా ఇచ్చారు. ఒకడు ఇప్పుడు పడవలు అద్దెకిస్తున్నాడు. నీ ప్రొబేషనూ మార్చితోనే అయిపోతుంది. మేనేజరు నోరు తెరిచి ఏమీ అనడు, కానీ చూస్తుంటాడు."

హిల్లా ఆరోజే పొయ్యిల దగ్గరికెళ్లింది. తైస్తోకి అరవై నాలుగేళ్లు. మాట పొదుపు.

"తైస్తో గారూ, మీ సెలవుల గురించి..."

"వద్దు."

మర్నాడు మళ్లీ వెళ్లింది. "పనుంది" అన్నాడు. పొయ్యి ఆరిపోయి ఉంది. ఆయన దాని ముందు కూర్చుని దాన్నే చూస్తున్నాడు.

మూడోరోజు హిల్లా ఫారం తీసుకెళ్లలేదు. రెండు కప్పుల కాఫీ తీసుకెళ్లి పక్కన కూర్చుంది. తైస్తో సగం కప్పు తాగాడు.

"సరస్సు ఒడ్డున మాకో కుటీరం ఉంది" అన్నాడు తైస్తో చివరికి. "నాకూ మా అన్న ఓలవికీ కలిపి. ఓ వేసవిలో నన్నడక్కుండా పడవకి పచ్చరంగు వేశాడు."

హిల్లా మిగతాది చెబుతాడేమోనని ఎదురుచూసింది. మిగతాది లేదు.

"అంతేనా అండీ?"

"మా నాన్న చేసిన పడవమ్మా అది. తారు పూసిన నల్ల పడవ." కప్పులోకి చూశాడు. "నేను వెళ్తే వాడుంటాడని నేను వెళ్లను. వాడు వెళ్తే నేనుంటానని వాడూ వెళ్లడట. కుటీరం అలాగే పడుంది. ఇంక సెలవు పెట్టి ఎక్కడికి పోను?"

హిల్లా ఖాళీ కప్పులు పట్టుకుని వచ్చేసింది.

ఆరోజు మధ్యాహ్నం, అసలా గది ఎలా ఉంటుందో చూద్దామని తలుపు తీసింది. లోపల డిస్పాచ్ వాళ్లు ఐదుగురు గడ్డిలో కాళ్లు చాపుకుని కూర్చుని, హెర్రింగ్ చేప ముక్కలు పెట్టుకున్న రొట్టెలు తింటున్నారు. వాళ్లకి పెద్దయిన మార్కెట్టా అనే ఆవిడ పూల టోపీ పెట్టుకుని నీళ్లలో పాదాలు ఆడిస్తోంది. చలికాలంలో డిస్పాచ్ వాళ్ల మొహాలు మాత్రం అంత కళగా ఎందుకుంటాయో హిల్లాకి అప్పుడర్థమైంది.

"అమ్మాయ్, తలుపు వేసెయ్. దోమలు ఆఫీసులోకి పోతాయి" అంది మార్కెట్టా.

"ఇవి తైస్తో గారి సెలవులండీ."

"ఆయన వాడట్లేదుగా. చెడిపోతాయని మేం కూర్చుంటున్నాం. నువ్వూ రా, నీళ్లు బాగున్నాయి."

నీళ్లు నిజంగానే బాగున్నాయి. ఎండ హిల్లా మెడ మీద పడింది. ఆగస్టు నుంచీ అలాంటి ఎండ ఎరగదు. ఒక్క అడుగు వేసింది కూడా. అంతలో పొయ్యి ముందు కూర్చున్న మనిషి గుర్తొచ్చాడు.

"ఆయన సంతకం లేకుండా ఇక్కడ ఎవరూ కూర్చోకూడదు. దయచేసి లేవండి" అంది. వాళ్లు లేచారు, కానీ చాలా నెమ్మదిగా లేచారు. ఆ శుక్రవారం కాఫీ వేళ డిస్పాచ్ వాళ్ల బల్ల దాటి ఆమె దాకా వచ్చేసరికి దాల్చినచెక్క బన్నుల పళ్లెం ఖాళీ అయిపోయింది. వరసగా రెండు వారాలు అలాగే అయిపోతూ వచ్చింది.

హిల్లా జరిగింది దాచకుండా తైస్తోకి చెప్పేసింది.

"నా జూలైలో కూర్చుని హెర్రింగ్ తిన్నారా?" అన్నాడు.

"తిన్నారండీ. చాలా ఏళ్లుగా తింటున్నారట."

తైస్తో చేతులు తుడుచుకుని, ఆమె వెంట మెట్లెక్కి వచ్చాడు. తలుపు తీసి గుమ్మంలోనే నిలబడ్డాడు. రెల్లు మధ్య పచ్చ పడవ ఒకటి కట్టేసి ఉంది. గాలికి మెల్లగా ఊగుతోంది. అన్న రంగు వేసిన పడవే అని ఆయన గుర్తుపట్టాడు.

"ఫారం తే" అన్నాడు.

ఆ ఫారం కింద సౌకర్యాల విభాగం తరఫున సంతకం పెట్టాలి. రైయా గారు కలం హిల్లా చేతికే ఇచ్చింది. హిల్లా తన పేరు మరీ పెద్దగా రాసేసింది. పక్క గడిలోకి పోయింది.

సోమవారం ఏడింటికి తైస్తో భోజనం డబ్బాతో లోపలికెళ్లి తలుపేసుకున్నాడు. ఆ వారమంతా తలుపు సందులోంచి బిర్చి చెట్టు కట్టెల పొగ వచ్చింది. ఒకసారి గొడ్డలి చప్పుడు, చాలాసార్లు నీళ్లలో దూకిన చప్పుడు వినబడ్డాయి. గురువారం ఎవరో పాడారు, శ్రుతి లేకుండా.

శుక్రవారం నాలుగింటికి, ముప్ఫై ఒక్క వేసవులూ ఆ ఐదు రోజుల్లోనే అయిపోగొట్టి బయటికొచ్చాడు. గడ్డం పెరిగింది. మెడంతా దోమకాట్లు. ఆయన వెనక ఉన్నది మామూలు గది. బీరువాలు, చల్లటి గచ్చు, దుమ్ము.

"ఎలా ఉందండీ?" అంది హిల్లా.

తైస్తో ఆలోచించాడు. "ఆ పడవ ఒక్కడు లాగేది కాదు. రెండో తెడ్డు ఊరికే పెట్టి కూర్చున్నాను. అదే కదిలింది" అని చెప్పి ఇంటికెళ్లిపోయాడు.

మంగళవారం పొద్దున గేటు దగ్గర ఒక ముసలాయన నిలబడి, సెలవుల సంగతి చూసేవాళ్లెవరని అడుగుతున్నాడు. హిల్లా బయటికెళ్లింది. చుట్టూ మోకాలెత్తు మంచు. ఆయన ముక్కు మాత్రం ఎండకి కమిలి పొరలూడుతోంది.

"నా పేరు ఓలవి లూక్కొనెన్. కుయోపియోలో ఉంటాను" అన్నాడు. అరచేతులు తెరిచి చూపించాడు. వేళ్ల మొదళ్లలో బొబ్బలు. "పోయిన వారమంతా వంటింట్లో పేపరు చదువుతూ కూర్చున్నానమ్మా. మరి ఇవేంటి? మా తమ్ముడేమైనా చేశాడా?"

"ఆయన సెలవులు వాడుకున్నారండీ."

"ఎన్నాళ్లవి?"

"అన్నీ."

ఓలవి ముక్కు తడుముకున్నాడు. "వాణ్ని పిలు" అన్నాడు.

తైస్తో పిండి మరకల చొక్కాతోనే వచ్చాడు. అన్నదమ్ములిద్దరూ హిల్లా బల్ల ముందు కోటు కొక్కేల పక్కన నిలబడ్డారు. రైయా గారు అల్లిక ఆపలేదు గానీ కుట్లు తప్పాయి.

"రంగు నిన్నడిగి వేయాల్సిందిరా" అన్నాడు ఓలవి.

"నల్లదైతే రెల్లులో కనబడదు" అన్నాడు తైస్తో. "పచ్చదీ కనబడదనుకో."

"ఎర్రది వేద్దామా?"

తైస్తో హిల్లా వైపు తిరిగాడు. "అమ్మాయ్, ఈ ఏడాది సెలవులకి ఫారం ఉందా?"

ఉంది. హిల్లా ఇచ్చింది. తైస్తో జూలై మొదటి వారం అని రాయబోయాడు. ఓలవి భుజం మీంచి తొంగిచూసి, "మొదటివారం నీళ్లు చల్లగా ఉంటాయి, రెండోవారం రాయి" అన్నాడు. తైస్తో ఆ మాట ఒప్పుకోలేదు. ఓలవి వినలేదు. గొంతులు పెరిగాయి. ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఎవరితోనూ ఇంత మాట్లాడని మనుషులు మరి.

హిల్లా రెండు కుర్చీలు జరిపి వాళ్ల వెనక పెట్టింది. వాళ్లు చూడకుండానే కూర్చున్నారు.