పాముల పెళ్ళికి పోసిన సారా

సంఘంలో గుడ్లు కాచే అబ్లావిని గుడ్ల దొంగ అన్నది మీరే, కొండచిలువల సంఘం పెద్దలారా. పితృదేవతల సాక్షిగా, నేల మీద తాటి సారా పోసి మరీ అన్నారు. అందుకే మీ మొహం మీదే చెబుతున్నాను.

మీకు మరుపెక్కువ గనక మొదటినుంచీ చెబుతాను. మోనో నది గట్టున వేటగాళ్ళు కలుగు తవ్వితే తెల్లటి మగ కొండచిలువ దొరికింది. ఒంటినిండా పసుపు మచ్చలు, ఎర్ర కళ్ళు. మనం కొండచిలువని తాతయ్య అంటాం. దారిలో ఎదురైతే మోకరిల్లుతాం. దాని పిల్లల్ని మాత్రం విమానమెక్కించి అమ్ముకుంటాం.

తెల్ల పిల్లలైతే ఎన్నైనా కొంటానని విదేశీ బేరగాడు ఫోనులో అన్నాడు. అధ్యక్షుడు హుంక్పే ఆ రోజే కొత్త టోపీ కొన్నాడు.

తెల్లతాతకి ఒక నల్ల ఆడపాముని జత చేశారు. అది పెట్టిన గుడ్లని ఇసుక గుంటలో పెట్టి కాచింది అబ్లావి. గుడ్లు పగిలాక చూస్తే పిల్లలన్నీ తల్లిలాగే నలుపు.

"తెల్లవాటిని ఎవడికమ్మావే?" అన్నాడు హుంక్పే. "తండ్రి తెల్లగా ఉంటే ఒక్క పిల్లకైనా ఆ రంగు రాదా? గుడ్లు మార్చేశావు."

"మార్చడానికి వేరే గుడ్లెక్కడివయ్యా? నేను పెట్టానా?"

జనం నవ్వారు. అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. అబ్లావి ఊరుకునే మనిషి కాదు.

"మీ తమ్ముడు జుట్టుతో సహా తెల్లగా పుట్టాడు. మీ అమ్మా నాన్నా చూస్తే మసిబొగ్గులు. మరి అక్కడెవరు మార్చారు గుడ్లు?"

ఎవరూ నవ్వలేదు. వెనక బల్ల మీద కూర్చున్న ఆ తమ్ముడొక్కడే పకపకా నవ్వాడు.

సారా పోశారు. దొంగ అన్నారు. పనిలోంచి తీసేశారు. ఇప్పుడామె మొక్కజొన్న ముద్దలు ఆకుల్లో చుట్టి సంతకి తెస్తుంది, నిండు బుట్టతోనే ఇంటికి పోతుంది. దొంగ చేతి కూడు మనమెవరం తినం. మనం పరువుగలవాళ్ళం.

నల్ల పిల్లల్ని దండగ సరుకని పొలాల్లో వదిలేశారు. ఒక మగదీ ఒక ఆడదీ నీళ్ళకుండ వెనక నక్కి ఉన్నందున మిగిలిపోయాయి. మీ తెలివి వల్ల కాదు.

అవి ఎదిగాక బేరగాడు మళ్ళీ ఫోను చేశాడు. సంగతి విని తల కొట్టుకున్నాడట. "తండ్రి రంగు ఆ నల్లవాటి లోపల దాక్కునుంటుందయ్యా! ఆ రెండింటినీ కలపండి, బయటికొస్తుంది."

పూజారి టోసూ లేచాడు. "అన్నాచెల్లెళ్ళురా! తాతయ్య బిడ్డలు! పెళ్ళి చేస్తే ఊరికి వానలుండవు."

"చెల్లెల్ని దత్తతిచ్చేద్దాం మావా," అన్నాడు హుంక్పే. "అవతలి గట్టున మీ వియ్యంకుడికి. అప్పుడు అది పరాయింటి పిల్ల."

ఇచ్చారు. ఆడపాముని బుట్టలో పెట్టి పడవలో నది దాటించారు. సారా పోశారు, చుట్టరికం తెగింది. మర్నాడు కోలా కాయలు, ఉప్పు, మంచి బట్ట పట్టుకెళ్ళి అదే పాముని కోడలిగా అడిగి తెచ్చుకున్నారు. అప్పగింతల్లో మా అత్త అలవాటు కొద్దీ ఏడ్చింది కూడా.

మొన్న వాటి గుడ్లలోంచి వచ్చిన పిల్లల్లో ఒకటి తెల్లది. తల్లీ నలుపే, తండ్రీ నలుపే, బిడ్డ తెలుపు. అంటే ఆ నల్లవి తెల్లతాత కన్నవే. గుడ్లు ఎవరూ మార్చలేదు. హుంక్పే మాత్రం టోపీ పెట్టుకుని ఆ తెల్ల పిల్లతో ఫొటో దిగాడు.

"మరి అబ్లావి సంగతి?" అన్నాను.

"ఆమె దొంగని సారా పోసేశాం కదా బాబూ," అన్నాడు హుంక్పే. "నేల తాగింది తిరిగి కక్కుతుందా?"

పాముల రక్తసంబంధాన్ని తెంచిన సారాకి, మనిషి మీద మీరు వేసిన మచ్చ చెరపడం చేతకాదా? రేపు సంత. అదే చాప పరవండి, అదే పూజారిని పిలవండి, అదే సారా తెండి. గుడ్లు ఎవరూ మార్చలేదని హుంక్పే అందరికీ వినబడేట్టు చెప్పి సారా పొయ్యాలి. ఇసుక గుంట పని ఆమెకి తిరిగివ్వాలి. ఆమె బుట్టలో ముద్ద తీసుకుని మీలో ప్రతివాడూ జనం ముందు తినాలి.

ముందు ఆ టోపీ తీయండి.