ఎడమ రెక్క తాలూకు ముక్క

షెడ్డులో కర్రతో విమానం కట్టేది మరిది, రికార్డు రాసేది వదిన. ఏ భాగం ఏ రోజు అతికించారో పుస్తకంలోకి ఎక్కించేది. ఫోటో తీసేది. దానికి కలిపిన జిగురుతోనే రెండు చిన్న కర్రముక్కలు అంటించి, పైన పెన్సిల్‌తో ఆ భాగం పేరు రాసి అట్టపెట్టెలో వేసేది.

"దాచు వదినా, పొయ్యిలోకి పనికొస్తాయి," అని మరిది ఏడిపించేవాడు.

"ముందు నీ విమానం పొయ్యిలోకి పోకుండా చూసుకో," అనేది ఆవిడ.

ఇన్‌స్పెక్టర్ సరేనంటే ఆదివారం మరిది ఒక్కడే ఎగరాలి. పరీక్షలన్నీ ముగిశాక రెండో సీటు వాళ్ళ అన్నయ్యది. ఆయన అప్పుడే నల్లకళ్ళద్దాలు కొనుక్కుని ఇల్లంతా తిరుగుతున్నాడు.

పొద్దున్నే ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. పుస్తకం చూసి తలాడించాడు. అట్టపెట్టె తెమ్మని, ముక్కల్ని ఒక్కొక్కటే బల్లకున్న ఇనప పట్టులో, వైస్‌లో, బిగించి సుత్తితో కొట్టాడు. ప్రతిదీ పీచులు లేచి చీలింది.

"అతుకు మంచిదైతే కర్ర చీలుతుందమ్మా, జిగురు వదలదు," అన్నాడు. వదిన లోలోపల మురిసిపోయింది.

తర్వాతి ముక్కకి సుత్తి అక్కర్లేకపోయింది. వైస్‌లో పెట్టబోతుంటే చేతిలోనే రెండుగా ఊడింది. ఊడిన చోట అద్దంలా నున్నగా ఉంది. ఒక్క పీచు లేదు.

ఇన్‌స్పెక్టర్ దాన్ని తిప్పి చదివాడు. "ఎడమ రెక్క. లోపలి దూలం." రెక్క బరువంతా మోసేది అదే.

వదినకి చప్పున గుర్తొచ్చింది. ఆ రోజు వాన. షెడ్డులో పళ్ళు కొట్టుకునేంత చలి. అది రాయబోతే, "వాతావరణ వార్తలెందుకు వదినా," అన్నాడు మరిది. నవ్వేసి మానేసింది. ఇప్పుడు ఆ చలి సంగతి పైకి చెప్పింది.

"అంత చలిలో ఈ జిగురు గట్టిపడదు," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"గిన్నె అడుగున మిగిలింది పూసుంటావు వదినా. దూలానికేం కాదు."

"లేదు. నువ్వు దూలానికి పూయకముందే అందులోంచి తీసుకున్నాను." ఆ గొంతు తనదేనా అనిపించింది ఆవిడకి.

మరిది విమానం దగ్గరికి నడిచాడు. చిన్న రంపం తీసుకుని, మొన్నే రంగేసిన రెక్క మీద అరచేతి వెడల్పున పలక కోశాడు. చెయ్యి లోపల పెట్టాడు. బయటికి తీసిన చేతిలో దూలానికి అతికించిన కర్రబద్ద ఉంది.

"లాగలేదు," అన్నాడు. "పట్టుకున్నానంతే."

ఇన్‌స్పెక్టర్ స్టూలు మీద కూలబడ్డాడు. అప్పుడే అన్న వచ్చాడు, కళ్ళద్దాలతో సహా.

"ఏరా, ఆదివారం ఎగరాల్సిన దానికి ఇవాళ కన్నం పెట్టావేంటి?"

మరిది చేతిలో బద్ద పైకెత్తి చూపించాడు. ఆయన కళ్ళద్దాలు తీసి, ఒక్కొక్కరి ముఖం చూసి, వాటిని మళ్ళీ పెట్టుకోలేదు.

వదిన పుస్తకంలో ఆ వాన రోజు పేజీ తీసింది. ఇవాళ్టి తేదీ వేసింది. తర్వాత పెన్ను అక్కడే ఆగింది.

"రాయి వదినా," అన్నాడు మరిది. బద్ద ఇంకా అతని చేతిలోనే ఉంది. "చలి అని రాయి."