పైపైన తడి

పొద్దున్నే ట్యాంకరు మలుపు తిరిగిందంటే చాలు, రోడ్డు పొడవునా చెట్ల వేళ్ళు మెల్లగా ఒళ్ళు విరుచుకునేవి. బావ స్టీరింగు ముందు మహారాజులా కూర్చునేవాడు. అతని భార్య చెల్లెలు వెనక పైపు పట్టుకుని నడిచేది. ఒక్కో చెట్టుకీ మొహం కడుక్కునేటన్ని నీళ్ళు. అంతే, తర్వాతి చెట్టు.

నీళ్ళు పోసిన మనిషి వెంట వేళ్ళు పాకుతూ వెళ్ళడం ఆ వీధిలో అందరికీ అలవాటే. ముందు ఆమె గేటు దాకా వచ్చాయి. తర్వాత మెట్లెక్కాయి. ఈమధ్య మంచం కోళ్ళు పట్టుకుంటున్నాయి. పాలాయన వాటిని దాటుకుంటూ, "మీవాళ్ళు బాగా ఎదిగారమ్మా!" అని నవ్వేవాడు.

మర్నాడు ఆమె వేరే ఊళ్ళో మొక్కల నర్సరీలో ఉద్యోగానికి చేరాలి. బయల్దేరాల్సిన పొద్దున లేచేసరికి చీలమండకి సన్నటి వేరొకటి పట్టీలా బిగుసుకుని ఉంది. గోటితో విప్పుకుంది.

"రోజూ ఇలా చిలకరిస్తే వేళ్ళు పైకే వస్తాయి బావా. వారానికోసారి నిండా, నిదానంగా తడిపితే లోపలికి దిగుతాయి. నన్నొదిలేస్తాయి."

"నాకు తెలీదనుకున్నావా మరదలా?" బావ అద్దంలో మీసం దువ్వుకున్నాడు. "అవి దిగితే నువ్వు బస్సెక్కుతావు. పైపు మీ అక్క పడుతుందా?"

ఆమె పైపు అతని వైపు చాచింది. నవ్వింది. "చెయ్యి లాగేస్తోంది. ఈ ఒక్కపూట నువ్వు పట్టు బావా, నేను నడుపుతా. ఆ పొట్టయినా కాస్త తగ్గుతుంది."

బావ గొణుక్కుంటూ దిగాడు. నాలుగడుగులకోసారి చెట్టుకి ఆనుకుని ఆయాసపడ్డాడు. వేళ్ళు ఆమె చెప్పులొదిలి, చప్పుడు లేకుండా అతని బూట్ల వైపు తిరిగాయి. సాయంత్రానికి వాటిని ఈడ్చుకుంటూ ఇంటికొస్తాడు, బుద్ధొస్తుంది అనుకుంది. ట్యాంకరు పక్కకి పెట్టి, సంచీ సర్దుకుని, మధ్యాహ్నం బస్సెక్కింది.

బస్సు ఊరు దాటుతుంటే అక్క ఫోను.

"మీ బావ చివరి చెట్టు దగ్గరే ఉండిపోయాడే. మోకాళ్ళ దాకా పట్టేశాయి."

"ట్యాంకు నింపి, మొత్తం నిదానంగా వదులక్కా. దిగిపోతాయి."

"నడపడం మీ ఇద్దరికీ తప్ప ఎవరికొచ్చు? నువ్వేం బెంగపడకు. నేనే చెంబుతో కాస్త కాస్త పోస్తున్నా."

ఆమె ఫోను చెవికి అదుముకుంది. "చెప్పులేసుకున్నావా అక్కా?"

"ఎందుకే? చల్లగా, హాయిగా ఉన్నాయి. పాదాల మీద చంటిపిల్ల చేతుల్లా..."

మరదలు సంచీ భుజాన వేసుకుని లేచింది.

"డ్రైవరుగారూ, బస్సాపండి."