అరువిచ్చిన లేతు

యంత్రములు లేవు, రెండే ముక్కలు, ఇది రాయడానికి మూడు నెలలు పట్టింది డీజిలు కార్డులిచ్చే ఆఫీసు వాళ్లకి, పిలిపించి మరీ చేతికిచ్చారు, కాగితం నలక్కుండా జేబులో పెట్టుకున్నాను, ఎందుకు నలక్కూడదో నాకే తెలీదు, తెనాలిలో ఎక్కినప్పటినుంచీ ఈ రేపల్లె బండి పాకుతూనే ఉంది, బొగ్గుకీ కోటా పెట్టారేమో, పనిచేసే ప్రతిదానికీ కోటా, ఉత్తుత్తి బోర్డుకి మాత్రం అక్కర్లేదు, శ్రీ వీరరాఘవయ్య ఇంజనీరింగ్ వర్క్స్, బాపట్ల, ఎర్రటి అక్షరాలు, వెనక షెడ్డు నిండా వేరుశనగ బస్తాలు, అరబ్బులు చమురు బిగించినప్పటినుంచీ చిన్న పరిశ్రమలకి డీజిలు కార్డు మీదే ఇస్తారు, కార్డు కావాలంటే ఆఫీసరొచ్చి మిషన్లు చూడాలి, మనకీ అస్సాంలో చమురు బావులున్నాయి, స్వయం సమృద్ధి అని రేడియోలో చెబుతుంటే మా ఆవిడ దేవకుమారి కిరసనాయిలు లైన్లోంచి ఖాళీ డబ్బాతో వచ్చింది, మనకి బావులున్నాయటే అంటే, అయితే చేద ఇవ్వు, తోడుకొస్తానంది.

కరెంటు వారానికి మూడ్రోజులు, మిగతా రోజులు నా లేతు మిషను డీజిలింజను మీద తిరగాల్సిందే, అది తిరిగితేనే పంపుసెట్లకి పిస్టన్లు, లేకపోతే షెడ్డు మూత, నలభై ఐదేళ్లొచ్చాక మళ్లీ గుంటూరు పోయి ఎవడి దగ్గరో కూలికి, అన్నీ తెలిసే లేతు అరువిచ్చాను, తనిఖీ సోమవారం బాపట్లలో నాకు, శుక్రవారం రేపల్లెలో మీకు, మధ్యలో మూడు రోజులున్నాయి కదండి, నా లారీలోనే తెచ్చి దించేస్తాను, అందరూ చేసేదేనండి అన్నాడు వీరరాఘవయ్య, నా చేతులతో నేనే బోల్టులు విప్పాను, తుడిచి, గ్రీజు పూసి, గోనెలు కప్పి ఎక్కించాను, సోమవారం ఆఫీసరు చూసి మంచి మిషనండీ అన్నాట్ట, మంగళవారం లారీ రాలేదు, బుధవారం ఫోను చేస్తే డీజిలు దొరకలేదండి, కార్డు రాగానే పంపేస్తానండి అన్నాడు, ఏడవాలో నవ్వాలో తెలీలేదు, శుక్రవారం ఆఫీసరు నా ఖాళీ సిమెంటు దిమ్మ ముందు నిలబడి మిషనేదండీ అన్నాడు, రిపేరుకెళ్లింది సార్ అన్నాను, మీరు బాపట్లలో మెచ్చుకున్నది నాదే సార్ అని నాలిక చివరిదాకా వచ్చింది, అంటే ఇద్దరం దొంగలమే, ఊళ్లో మిషన్లన్నీ బాగుచేసేవాడివి, నీ మిషను రిపేరుకా అని నవ్వుకుంటూ రాసుకున్నాడు, లేతు మూడోవారం తిరిగొచ్చింది, ఆయన కార్డు డీజిలు ఆయన లారీలు తాగుతున్నాయి.

వేమూరు దాటింది, ప్రభుత్వాన్ని తిట్టాను, ఆఫీసర్ని తిట్టాను, ఊరూ పేరూ తెలియని అరబ్బుల్ని కూడా తిట్టాను, ఇంటికెళ్తే దేవకుమారి మళ్లీ అదే అడుగుతుంది, ఎందుకిచ్చావయ్యా అని, సాయమడిగారు ఇచ్చాను అని చెబుతూ వచ్చాను, అబద్ధం, మా నాన్న అంద్రెయ ఆ వీరరాఘవయ్య ఇంటి పొలాల్లో నలభై ఏళ్లు చాకిరీ చేసి ఏనాడూ వాళ్ల అరుగెక్కలేదు, లేతు అడిగిన రోజు నన్ను వరండాలోకి పిలిచి, రండి ప్రభుదాసు గారూ, కూర్చోండి అని ఆయనే కుర్చీ లాగాడు, ఆయన భార్య సుబ్బరత్నమ్మ గారు కాఫీ పంపింది, వాళ్లు తాగే స్టీలు గ్లాసులోనే, నేను ఒప్పుకుంది అప్పుడే, ఆయన ఇంకా లేతు ఊసే ఎత్తలేదు, ఆయన నన్నేం మోసం చెయ్యలేదు, ఆ కుర్చీలో ఇంకాసేపు కూర్చోవాలని నేనే ఇచ్చాను, రేపు మళ్లీ గారూ అని పిలిస్తే మళ్లీ ఇస్తాను.